తుఫాను కబురు వెనుక పదిమంది శ్రమ

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా తీరప్రాంతపు కూలిపేటల్లో రెండు మాటలు వినపడతాయి. ఒకటి: "వాళ్ళు ఎప్పుడూ అట్లాగే చెప్తారు, పోయినసారి వచ్చిందా?" రెండోది: "పోతే రెండు రోజుల కూలి పోతుంది. కోడి, మేక, తట్టా బుట్టా వదిలేసి ఎక్కడికి పోతాం?" ఈ మాటలు అనేవాళ్ళు తెలియనివాళ్ళు కారు. లెక్క వేసుకునే అంటున్నారు. హెచ్చరిక వచ్చి తుఫాను రాకపోతే పోయేది వాళ్ళ కూలి. తుఫాను వచ్చి హెచ్చరిక రాకపోతే పోయేది వాళ్ళ ప్రాణం. డాబా మీద ఉన్న ఆసామికి ఈ రెంటిలో ఏదీ అంతగా తగలదు.

కాబట్టి తుఫాను ఎక్కడ, ఎప్పుడు, ఎంత బలంతో తీరం దాటుతుందో ముందుగా, సరిగ్గా చెప్పగలగటం అనేది చదువుకున్నవాళ్ళ గదుల్లో తేలిపోయే వ్యవహారం కాదు. అది కూలి మనిషి వ్యవహారం.

ఈ వ్యాసంలో ముఖ్యంగా అట్లాంటిక్ సముద్రపు తుఫానుల సంగతి చెప్పదలిచాం. అక్కడ వాటిని హరికేన్లు అంటారు. చైనా, జపాన్ వైపు టైఫూన్లు అంటారు. పేర్లు వేరైనా జాతి ఒకటే. వెచ్చబడ్డ సముద్రం నుంచి బలం తీసుకుని, సుడి తిరుగుతూ, పైగాలులు ఎటు తోస్తే అటు నడిచివచ్చే గాలివానే అది. మరి అంతదూరపు హరికేన్ల కథ మనకెందుకు? ఎందుకంటే, కబురు పంచుకుంటే ఏమవుతుందో, కబురు తొక్కిపెడితే ఏమవుతుందో ఆ కథలో కళ్ళకు కట్టినట్టు కనపడుతుంది. ఆ కథలో చచ్చిపోయినవాళ్ళు కూడా ఎక్కువగా మనబోటివాళ్ళే.

ఓకీచోబీలో పోయినవాళ్ళెవరు?

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం నడుమ ఓకీచోబీ అనే పెద్ద సరస్సు ఉంది. దాని దక్షిణపు ఒడ్డున నల్లమట్టి నేలలు. ఆ నేలల్లో కూరగాయల సాగుకు బహామా దీవుల నుంచి, అమెరికా దక్షిణాది నుంచి నల్లజాతి కూలీలు వేలాదిగా వలస వచ్చేవారు. సరస్సుకూ వాళ్ళ గుడిసెలకూ మధ్య ఉన్నది మట్టికట్ట మాత్రమే.

1928 సెప్టెంబరులో ఒక హరికేన్ ప్యూర్టోరికో దీవిని ధ్వంసం చేసి ఫ్లోరిడా వైపు వచ్చింది. అది వస్తున్నదని తెలుసు. ఏ గంటకు వస్తుందో సరిగ్గా తెలియలేదు. 16వ తేదీ పగలు పల్లపు ప్రాంతాల వాళ్ళను మెరకకు పొమ్మని చెప్పారు. చాలామంది పోయారు. చెప్పిన వేళకు తుఫాను రాలేదు. తప్పిపోయిందనుకుని ఎందరో తిరిగి గుడిసెలకు వచ్చేశారు. రాత్రికి తుఫాను వచ్చింది. గాలి సరస్సు నీటిని దక్షిణానికి తోసింది. కట్ట తెగింది.

మొదట ప్రకటించిన మృతుల సంఖ్య 1,836. కనీసం 2,500 మంది అని 2003లో ప్రభుత్వమే సరిదిద్దింది. వారిలో నాలుగింట మూడు వంతుల మంది నల్లజాతి వలస కూలీలు. వెస్ట్ పామ్ బీచ్ పట్టణంలో తెల్లవారిని పెట్టెల్లో పెట్టి శ్మశానంలో పాతారు. 674 మంది నల్లవారిని మాత్రం వేరే చోట ఒకే గోతిలో, పేరూ గుర్తూ లేకుండా పూడ్చారు.

కట్టను బలంగా కట్టనివారి దోషం ఉంది. కూలీని పల్లంలో ఉంచిన దోషం ఉంది. వాటితోపాటు కొద్ది గంటల తేడా కూడా ఉంది. ఆ కొద్ది గంటలు తెలిసి ఉంటే మెరకకు పోయినవాళ్ళు మెరక మీదే ఉండేవాళ్ళు. ఒకసారి తప్పిన హెచ్చరిక రెండోసారి నిజమైన హెచ్చరికను కూడా చంపుతుంది. మన పేటల్లో వినిపించే "పోయినసారి వచ్చిందా?" అన్న మాటకు ఇంత బరువుంది.

కబురు తొక్కిపెట్టిన పాపం

అంతకు 28 ఏళ్ళ ముందు జరిగింది ఇంకా ఘోరం. దాన్ని చెప్పాలంటే ముందు క్యూబా గురించి చెప్పాలి. హవానాలోని బెలెన్ పరిశోధనశాలకు బెనితో వీన్యెస్ అనే మతగురువు 1870 నుంచి పెద్దగా ఉన్నాడు. ఆయన ఒక్కడే కూర్చుని ఆకాశం చూడలేదు. దీవుల్లో ఉన్న పరిశీలకుల చేత, ఓడల వాళ్ళ చేత, తంతి ఆఫీసుల చేత గాలి ఎటు ఉంది, మబ్బు ఎట్లా ఉంది, భారమితి ఎంత పడింది అని కబురు తెప్పించుకున్నాడు. అన్నిటినీ ఒకచోట పేర్చి, 1875 సెప్టెంబరులో హరికేన్ రాబోతున్నదని ముందుగా ప్రకటించాడు. హరికేన్ హెచ్చరికల చరిత్ర అక్కడ మొదలైంది. అంటే మొదటి రోజు నుంచీ ఇది పదిమంది కలిసి చేసిన పనే.

1898లో అమెరికా సైన్యం క్యూబాలో దిగింది. 1900లో ఆ దీవి వాళ్ళ ఆక్రమణలోనే ఉంది. క్యూబా పరిశీలకుల హెచ్చరికలు తమ హెచ్చరికలకు పోటీ అవుతున్నాయని అమెరికా వాతావరణ శాఖ పెద్దలకు కంటగింపు అయింది. క్యూబా నుంచి వాతావరణ తంతులు బయటికి పోకుండా ఆపించారు. ఆ సెప్టెంబరులో ఒక తుఫాను క్యూబా దాటింది. అది ఉత్తరానికి మళ్ళి ఫ్లోరిడా వైపు పోతుందని అమెరికా శాఖ అన్నది. కాదు, పడమరకు, టెక్సాస్ వైపు పోతుందని క్యూబా వాళ్ళు అన్నారు. వాళ్ళ మాట వినేవాడు లేడు, పంపే తంతీ లేదు.

సెప్టెంబరు 8న అది టెక్సాస్ తీరాన గాల్వెస్టన్ నగరాన్ని ముంచింది. చనిపోయినవారు 6,000 నుంచి 12,000 దాకా ఉంటారని అంచనా. అమెరికా చరిత్రలో అంతమందిని చంపిన ప్రకృతి విపత్తు మరొకటి లేదు. ఏలినవాడి అహంకారానికి ఏలినవాడి దేశపు జనమే బలి అయ్యారు. గాలికి సరిహద్దు లేదు. సరిహద్దు పెట్టింది కబురుకు.

సుడిలోకి వెళ్ళి కొలిచారు

తుఫాను పుట్టేదీ పెరిగేదీ నడిసముద్రం మీద. అక్కడ ఊళ్ళు లేవు, పరిశీలకులు లేరు. తుఫాను సంగతి తెలిస్తే ఓడలు పక్కకు తప్పుకుంటాయి. అందుకని కొలతలు కావలసిన చోటే కొలతలు ఉండవు. పొలం మధ్యకు వెళ్ళకుండా గట్టు మీద నిలబడి పంట ఎంత పండిందో చెప్పమన్నట్టు ఉంటుంది.

1943 జులై 27న జోసెఫ్ డక్‌వర్త్ అనే అమెరికా సైనిక పైలట్ ఒంటి ఇంజను శిక్షణ విమానాన్ని టెక్సాస్ తీరంలో హరికేన్ కన్ను దాకా నడిపి తిరిగి వచ్చాడు. పోయి రావచ్చునని తేలింది. 1954లో మూడు పెద్ద హరికేన్లు అమెరికా తూర్పు తీరాన్ని దెబ్బ కొట్టాక ప్రభుత్వం కదిలింది. రాబర్ట్ సింప్సన్ నాయకత్వాన జాతీయ హరికేన్ పరిశోధన ప్రాజెక్టు వచ్చింది. 1956లో దాని విమానాల మకాం పెట్టింది ఎక్కడో కాదు, కూలీలను ఒకే గోతిలో పూడ్చిన ఆ వెస్ట్ పామ్ బీచ్‌లోనే. ఈనాడు ఆ విమానాలు తుఫాను గుండా పోతూ చిన్న గొట్టాల వంటి పరికరాలను కిందికి జారవిడుస్తాయి. అవి పడేటప్పుడు దారి పొడుగునా గాలి వేగం, ఒత్తిడి, వేడి, తేమ కొలిచి రేడియోలో పంపుతాయి.

1960లో తొలి వాతావరణ ఉపగ్రహం టైరోస్-1 పైకి పోయింది. తుఫాను సముద్రంలో దాక్కునే రోజులు పోయాయి.

ఇక 1974లో జరిగిన పని ప్రత్యేకంగా చెప్పదగ్గది. అట్లాంటిక్ హరికేన్లు చాలా భాగం పడమటి ఆఫ్రికా మీద గాలి అలలుగా మొదలై సముద్రంలోకి దిగి పెరుగుతాయి. ఆ మొలకలను చదవటానికి ఒక్క దేశం చాలదు. అమెరికా, సోవియట్ యూనియన్ ఒకదాని మీద ఒకటి క్షిపణులు గురిపెట్టుకున్న కాలమది. ఆ కాలంలోనే రెండు దేశాల ఓడలూ ఇతర దేశాల ఓడలతో కలిసి, సెనెగల్ దేశపు డకార్ నగరం కేంద్రంగా, ఒకే పథకం కింద ఒక వేసవంతా సముద్రం మీద నిలబడి కొలతలు తీశాయి. సుమారు 40 ఓడలు, డజను విమానాలు పాల్గొన్నాయి. ఎవరి కొలతలు వారు దాచుకోలేదు. గేట్ అనే పేరున్న ఆ ప్రయోగం నుంచి ఉష్ణమండలపు మేఘాల గురించి నేర్చుకున్నది ఈనాటికీ పనికి వస్తున్నది.

లక్ష్యం పెట్టుకుని పని చేస్తే

2005లో కట్రీనా, రీటా, విల్మా వరుసగా వచ్చాయి. హరికేన్ దారిని చెప్పటం అప్పటికే బాగా మెరుగుపడింది. కాని బలం ఎంత పెరుగుతుందో చెప్పటం ఏళ్ళ తరబడి దాదాపు ఉన్నచోటే ఉంది. ఇందుకు ఒక కారణం పరిశోధన ముక్కలు ముక్కలుగా ఉండటం. విశ్వవిద్యాలయాలది ఒక దారి, నౌకాదళానిది ఒక దారి, వాతావరణ శాఖది ఇంకో దారి. పరిశోధకుడు కనిపెట్టింది హెచ్చరిక రాసే మనిషి బల్ల దాకా రావటానికి ఏళ్ళు పట్టేది.

2009లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ఒక పదేళ్ళ పథకం పెట్టింది. దాని పేరు హరికేన్ అంచనాల మెరుగుదల పథకం. మాటలతో సరిపెట్టక లెక్క రాసుకున్నారు. దారిలోనూ బలంలోనూ తప్పును 5 ఏళ్ళలో 20 శాతం, 10 ఏళ్ళలో 50 శాతం తగ్గించాలి. ముందుచూపును 7 రోజుల దాకా పెంచాలి. అందరూ ఒకే కంప్యూటరు నమూనాల మీద కలిసి పనిచేయాలి.

నమూనా అంటే ఏమిటి? సముద్రాన్నీ ఆకాశాన్నీ గళ్ళుగా కోసి, ఒక్కొక్క గడిలో గాలి, వేడి, తేమ ఈ గంటలో ఇంత ఉంటే వచ్చే గంటలో ఎంత ఉంటుందో లెక్క కట్టటం. గళ్ళు పెద్దవైతే తుఫాను కన్ను చుట్టూ ఉండే అసలైన గాలిగోడ లెక్కకే రాదు. ఊరి పొలమంతటికీ ఒక్కచోట మట్టి తీసి పరీక్ష చేయించినట్టు అవుతుంది. మడి మడికీ చూడాలి. అందుకని గళ్ళను 3 కిలోమీటర్లకు తగ్గించారు. విమానాల కొలతలను నేరుగా లెక్కలోకి తెచ్చారు. ఒకే లెక్కను నమ్మక, మొదటి కొలతలను కొద్దికొద్దిగా మార్చి అనేకసార్లు లెక్క కట్టారు. ఒక్క పెద్దమనిషి మాట కాక ఇరవైమందిని అడిగి, ఎక్కువమంది ఎటు చెబుతున్నారో చూసినట్టు.

ఫలితం? 1990 ప్రాంతంలో మూడు రోజుల ముందు చెప్పిన చోటుకూ తుఫాను నిజంగా వచ్చిన చోటుకూ సగటున 500 కిలోమీటర్లకు పైగా తేడా ఉండేది. 2020 తరువాతి ఏళ్ళలో అది సుమారు 200 కిలోమీటర్లకు, ఆ లోపుకు దిగింది. కదలక మెదలక ఉన్న బలం అంచనా కూడా 2010 తరువాత మెరుగుపడసాగింది.

ఈ అంకెలను కూలి భాషలోకి మార్చి చూడండి. తేడా 500 కిలోమీటర్లు ఉంటే అంత తీరాన్నీ ఖాళీ చేయించాలి. అందులో ఎక్కువమందికి తుఫాను రాదు, కూలి మాత్రం పోతుంది. మరుసటిసారి వాళ్ళు కదలరు. తేడా తగ్గితే పోవలసినవాళ్ళే పోతారు, మిగిలినవాళ్ళు పనికి పోతారు, హెచ్చరిక మీద నమ్మకం నిలుస్తుంది. రెండు రోజుల ముందు తెలిస్తే కోసిన పనలు కుప్ప వేయవచ్చు. ఆరు గంటల ముందు తెలిస్తే, ఆ పనల కోసమే ఆసామి కూలీని గాలిలోకి తోలుతాడు.

అట్లాగని పని పూర్తయిందని ఎవరూ అనటం లేదు. 2023 అక్టోబరులో ఓటిస్ అనే హరికేన్ మెక్సికోలోని అకపుల్కో నగరం మీద పడింది. పసిఫిక్ సముద్రంలో అది ఒక్క రోజు లోపే మామూలు తుఫాను నుంచి అన్నిటికన్నా పైదైన 5వ తరగతికి ఎగబాకింది. నమూనాలు దాన్ని పట్టుకోలేకపోయాయి. 24వ తేదీ మధ్యాహ్నం విమానం పోయి కొలిచాకగాని అసలు బలం తెలియలేదు. ఆ రాత్రే అది తీరం దాటింది. ఇట్లా హఠాత్తుగా బలపడే తుఫానులే ఇవాళ్టి పెద్ద చిక్కు. సముద్రాలు వేడెక్కుతున్న కొద్దీ ఈ చిక్కు పెరుగుతుందని శాస్త్రజ్ఞులు హెచ్చరిస్తున్నారు.

కబురు ఒక్కటే చాలదు

కట్రీనా ఎక్కడ తాకుతుందో రెండు రోజులకు పైగా ముందే చక్కగా చెప్పారు. అయినా 1,300 మందికి పైగా చనిపోయారు. ఊరు వదిలిపొమ్మన్నారు, కారు లేనివాడు ఎట్లా పోవాలో చెప్పలేదు. వరద కట్టలు తెగాయి. న్యూ ఆర్లియన్స్‌లో ఇళ్ళ కప్పుల మీద నిలబడి చేతులు ఊపినవాళ్ళు పేదలు, ముసలివాళ్ళు, ఎక్కువగా నల్లవాళ్ళు. సరైన కబురు వచ్చింది గాని దాన్ని వాడుకునే బండి రాలేదు.

క్యూబాను చూడండి. 1963లో ఫ్లోరా హరికేన్ అక్కడ సుమారు 1,750 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరువాత ప్రతి పేటలో ఎవరు ముసలివాళ్ళు, ఎవరు గర్భిణులు, ఎవరిని ఏ బండిలో ఎక్కడికి తీసుకుపోవాలి అనేది ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు చేసుకున్నారు. పశువులను కూడా తరలిస్తారు. 2004లో ఐవాన్ అనే మహా హరికేన్ వచ్చినప్పుడు లక్షలాది మందిని తరలించారు. క్యూబాలో ఒక్కరు కూడా చనిపోలేదు. ఇంకో సంగతి. అమెరికా ఆంక్షలు దశాబ్దాలుగా ఆ దేశం గొంతు నొక్కుతున్నా, అమెరికా తుఫాను విమానాలను క్యూబా తన గగనంలోకి రానిస్తూనే వచ్చింది. ఇరు దేశాల వాతావరణ శాఖలు కొలతలు పంచుకుంటూనే వచ్చాయి. 1900లో తెగిన తంతి అట్లా మళ్ళీ ముడిపడింది.

మన తీరం సంగతి

మన దగ్గర కూడా ఇదే పాఠం. 1970 నవంబరులో భోలా తుఫాను ఇప్పటి బంగ్లాదేశ్ తీరాన 3 లక్షల మందికి పైగా చంపింది. ఉపగ్రహం దాన్ని చూసింది, దీవుల్లోని రైతుకూలీకి కబురు చేరలేదు. ఆ తరువాత 1972లో బంగాళాఖాతం, అరేబియా సముద్రం చుట్టూ ఉన్న దేశాలకు ఉమ్మడి తుఫాను మండలి ఏర్పడింది. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ ఈ ఒక్క విషయంలో ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన గురించి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. సర్కారు లెక్కలోనే సుమారు 10,000 మంది పోయారు. అప్పటికి ఆకాశం నుంచి ఎల్లవేళలా కనిపెట్టి చూసే మన సొంత ఉపగ్రహం లేదు. ఇన్సాట్-1బీ 1983లో వచ్చింది. 1990 మేలో అంతటి తుఫానే మన తీరాన్ని కొట్టినప్పుడు లక్షలాది మందిని ముందే తరలించారు; చనిపోయినవారు వెయ్యి లోపు. ఒడిశాలో 1999 మహా తుఫానుకు సుమారు 10,000 మంది పోయారు. 2013లో ఫైలిన్ అదే తీరానికి వచ్చేసరికి, రెండు రాష్ట్రాల్లో 10 లక్షల మందికి పైగా తరలించగా, మృతులు 50 లోపు.

ఇది ఎవరో ఒక్కరి గొప్ప కాదు. 2008 నుంచి బంగాళాఖాతపు తుఫానుల కోసం మన వాతావరణ శాఖ, పరిశోధన సంస్థలు, విద్యాసంస్థలు ఒక ఉమ్మడి ప్రాజెక్టు నడిపాయి. ఉప్పెన ఎంత ఎత్తున వస్తుందో లెక్క కట్టే పని హైదరాబాదులోని ఇన్‌కాయిస్ చేస్తున్నది. అట్లాంటిక్ హరికేన్ల కోసం తయారైన నమూనాను మన వాతావరణ శాఖ తెచ్చుకుని బంగాళాఖాతపు తుఫానులకు కూడా వాడింది. అక్కడి సుడిలో జారవిడిచిన పరికరం నేర్పిన పాఠం ఇక్కడ మచిలీపట్నం కూలిపేటకు పనికివచ్చిందన్నమాట. అయితే, అట్లాంటిక్‌లో లాగా ప్రతి పెద్ద తుఫానులోకి పోయి కొలిచే విమానాల ఏర్పాటు మాత్రం మన సముద్రంలో లేదు. ఉండాలని అడగవలసింది మనమే.

ఎందుకు ఇప్పుడు చెప్పవలసి వచ్చింది?

ఈ ఉమ్మడి ఆస్తికి ఇప్పుడు ఎసరు వస్తున్నది. 2025లో ట్రంప్ ప్రభుత్వం నోవాలో వందలాది ఉద్యోగులను తీసేసింది. ఆ సంస్థ పరిశోధన విభాగాన్నే ఎత్తివేయాలని బడ్జెటు ప్రతిపాదన పెట్టింది. ఆ జూన్‌లో, మేఘాల లోపలి తుఫాను నిర్మాణాన్ని చూపే సైనిక ఉపగ్రహాల సమాచారం ఇక ఇవ్వమని ప్రకటించారు, తరువాత ఇస్తామన్నారు. ప్రపంచమంతా వాడుకునే కొలతలను ఒక్క కలంపోటుతో ఆపగలమనుకోవటం 1900 నాటి బుద్ధే. పొదుపు అని పేరు పెడతారు. ఆ పొదుపు ఎవరి ప్రాణాల మీద చేస్తారో ఓకీచోబీ చెప్పింది.

మేము చెప్పేది ఇది. తుఫాను కొలతలు ప్రజల సొత్తు. వాటిని ఏ కంపెనీ అమ్ముకోవటానికీ, ఏ ప్రభుత్వం దాచటానికీ వీల్లేదు. ఆ శాస్త్రానికి డబ్బు, మనుషులు తగ్గించవద్దని అడగటం మన కూలిపోరాటంలో భాగమే.

ఇక మన వంతు. మన వాతావరణ శాఖ 72 గంటల ముందు తొలి కబురు, 48 గంటల ముందు అప్రమత్తం, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటటానికి 12 గంటల ముందు దాటాక ఏమవుతుందో చెప్పే కబురు ఇస్తుంది. ఈ నాలుగూ ప్రతి పేటలో, మనకు తెలిసే మాటల్లో, "ఫలానా ఊరికి, ఫలానా వేళకు, ఇన్ని అడుగుల నీళ్ళు" అని అందాలి. హెచ్చరిక వచ్చాక పొలం పనికి పిలవటం ఆపించాలి. తరలిన రోజులకు కూలి ఇవ్వాలి. తుఫాను రాకపోయినా ఇవ్వాలి. అది ఇస్తే "పోయినసారి వచ్చిందా?" అన్న మాట దానంతటదే ఆగుతుంది. పశువులతో సహా పట్టే ఆశ్రయాలు కావాలి. ప్రతి గ్రామశాఖ ఇప్పుడే, ఎండ కాస్తున్నప్పుడే, పేటలో నడవలేనివాళ్ళ జాబితా రాసుకోవాలి. ఎవరిని ఎవరు మోసుకుపోవాలో పేర్లు పెట్టుకోవాలి.

సముద్రం మీద ఎన్నో దేశాల మనుషులు ప్రాణాలకు తెగించి కొలతలు తీసి, మనకు మూడు రోజుల గడువు తెచ్చి ఇచ్చారు. ఆ మూడు రోజులను పేట చివరి గుడిసె దాకా తీసుకుపోయే పని మనది. వచ్చే తుఫాను రోజుల లోపు ఆ జాబితాలు పూర్తి చేద్దాం.